రెండో మూపురం

పుట్టినరోజుకి ఒంటె కావాలంది పిల్ల. మామూలు ఒంటె కాదు, రెండు మూపురాలది. అదీ ఐస్‌క్రీముతో.

“ఎండలో తిరిగే జంతువుని మంచుతో చెయ్యడమేమిటే! దానికి జలుబు చెయ్యదూ?” అంది నాయనమ్మ.

“చేస్తే ముక్కు మూసుకుంటుంది. ఒంటె ముక్కు దానంతట అదే మూసుకుంటుంది నాయనమ్మా. పుస్తకంలో ఉంది.”

“నీ నోరు కూడా అలా మూసుకుంటే ఎంత బాగుండు!”

ఆ పిల్లని ఇంటా బయటా మిరపగింజ అంటారు. మనిషి పిడికెడు, ఘాటు గంపెడు. శనివారంతో ఎనిమిదేళ్ళు నిండుతాయి. ఈ ఒంటె గొడవంతా బళ్ళో మొదలైంది. రెండు మూపురాల ఒంటెలు కూడా ఉన్నాయని మిరపగింజ చెప్పింది. పక్కన కూర్చునే పొడుగుజడ ఒప్పుకోలేదు. ఒంటెకి ఒకటే మూపురమనీ, రెండోది మిరపగింజ కోసిన కోత అనీ అంది. అందరూ బల్లలు చరిచి నవ్వారు. చూపిద్దామంటే బొమ్మ ఉన్న పుస్తకం అప్పటికే గ్రంథాలయానికి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మిరపగింజ ఏం చెప్పినా, “ఇది ఎన్ని మూపురాల మాట?” అని అడుగుతున్నారట.

“అందుకే దాన్ని పుట్టినరోజుకి రమ్మన్నాను. మా నాన్న చేసి చూపిస్తాడని చెప్పాను.”

“కేకు చేస్తే రుజువెలా అవుతుందే పిచ్చిమొహమా?”

“నాన్న లేనిది చెయ్యడుగా! నాన్న అబద్ధం చెప్పడు.”

పక్క గదిలో స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్న తండ్రి చెవిన ఈ మాట పడింది. పొంగిపోవాల్సిన మాటే. కానీ అతను చేతిలోని స్క్రూడ్రైవరుని సంచిలో పెట్టబోయి ఆగాడు. పోయినేడు ఇదే పిల్లకి, ఇదే రోజున పడవ ఎక్కిస్తానని మాటిచ్చాడు. ఎవరింట్లోనో ఫ్రిజ్ ఆగిపోయిందంటే అటు పరిగెత్తాడు. “ఇదిగో, వచ్చేస్తున్నా అమ్మడూ” అని పొద్దుగూకేదాకా ఫోనులో చెబుతూనే ఉన్నాడు. అది అబద్ధం కాదా? పిల్ల దాన్ని ఎలా తీసుకుందో అతనికి ఇప్పటికీ తెలియదు. పిల్లలు మన తప్పుల్ని క్షమిస్తారో, మర్చిపోతారో, దాచుకుంటారో పెద్దవాళ్ళకి ఎప్పుడు తెలిసింది గనక!

అతను ఫ్రిజ్ మెకానిక్. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఇంట్లో ఉన్నది మాత్రం ఎవరో వద్దని వదిలేస్తే బాగుచేసి తెచ్చుకున్న ఒంటి తలుపు పాత ఫ్రిజ్. కొత్తవాటిలా తన మంచు తానే కరిగించుకోలేదు. నాలుగు రోజులు పట్టించుకోకపోతే పైన ఐసు పెట్టె చుట్టూ తెల్లగా పేరుకుపోతుంది.

శుక్రవారం సాయంత్రం ఆలుమగలిద్దరూ నడుం బిగించారు. అతని భార్య ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. చుక్క ఎక్కువైనా, తక్కువైనా ఊరుకునే మనిషి కాదు. పంచదారని సన్నసెగ మీద ఒంటె రంగు వచ్చేదాకా మాడ్చింది. “ఇంకాస్త మాడితే ఎలుగుబంటి అయిపోతుంది, పాలు పొయ్యండి, పొయ్యండి!” అని ఆవిడ కంగారు పెడితే, అతను గరిటె వదిలి పాలు పోశాడు. అది చల్లారాక గిలక్కొట్టిన మీగడలో కలిపి, అడుగు గుండ్రంగా ఉన్న జత స్టీలు గిన్నెల్లో సమంగా నింపారు. మూతలు బిగించాక ఆస్పత్రి అలవాటు చొప్పున ఆవిడ చీటీలు అంటించింది. ఒకదాని మీద “మూపురం 1”, ఇంకోదాని మీద “మూపురం 2”. కింద తేదీ, వేళ. ఒంటికి స్పాంజి కేకు, మెడకి వంపు తిరిగిన అరటిపండు, కళ్ళకి ఎండుద్రాక్షలు, ఇసుకకి బిస్కెట్ల పొడి. ఒంటె కూర్చుని ఉంటుంది కనక కాళ్ళ బెడద లేదు.

శనివారం తెల్లవారగానే అతను లేచి ఐసు పెట్టె తెరిచాడు. మూత తీసి వేలితో తట్టి చూశాడు. రాయి. రెండోదీ అంతే. హమ్మయ్య అనుకున్నాడు. పెట్టె గోడల మీద వేలి మందాన మంచు కట్టి ఉంది. ఇంతలో ఫోను మోగింది. పూల దుకాణంవాళ్ళ చల్లపెట్టె ఆగిపోయిందట. పూలన్నీ వాడిపోతున్నాయని అవతలి మనిషి ఏడుపొక్కటే తక్కువ. “ఇదిగో బయల్దేరాను” అంటూ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో ఫ్రిజ్ సంగతి చూసి తలుపు వేసి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

పదకొండున్నరకి ఒక పని ముగించి ఇంకో పనికి వెళ్తూ, దారేకదా అని ఇంటికి వచ్చాడు. వంటగదిలో అడుగు పెట్టగానే కాలికి చల్లగా తగిలింది. ఫ్రిజ్ కింద నుంచి గుమ్మం దాకా నీళ్ళు.

“అమ్మా, ఏం నీళ్ళివి?”

“నీళ్ళా? నాకేం తెలుసురా, నేనిటు రానేలేదు” అంటూ ముందు గదిలోంచి వచ్చింది తల్లి.

అతను తలుపు లాగాడు. ఫ్రిజ్ మూగగా ఉంది. మోటారు చప్పుడు లేదు. గోడల మంచు సగం కరిగి పలకలుగా జారుతోంది. మూపురం ఒకటిని కదిపితే గిన్నెలో తొణికింది. మూపురం రెండు కూడా తొణికింది. సాయంత్రం ఐదింటికి ఏడుగురు పిల్లలు వస్తారు. అందులో పొడుగుజడ ఒకతి.

ప్లగ్గు చూశాడు, సరిగ్గానే ఉంది. దీపం వేశాడు, వెలిగింది. తలుపు తెరిచి ఉండి మోటారు వేడెక్కి ఆగిపోయి ఉంటుంది, ఇంకో కారణం లేదనుకున్నాడు.

“తలుపు తీసి వదిలేశావా అమ్మా? ఇవాళ దీని జోలికి రావద్దని నిన్న లక్షసార్లు చెప్పానా లేదా?”

“నేనెక్కడ తీశానురా...”

“నువ్వు కాకపోతే ఎవరు తీస్తారు? ఇంట్లో ఇంకెవరున్నారు?”

గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. తల్లి మొహం చిన్నబోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. “మంచినీళ్ళకి తీశానేమోరా. సరిగ్గా వెయ్యలేదేమో” అని మెల్లిగా అని, లోపలికి వెళ్ళిపోయింది.

అతను టార్చి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని లోపలంతా వెతికాడు. చలి ఎక్కువ తక్కువలు చేసే గుండ్రటి మీట మీద వెలుగు పడింది. దాని నడుమ ఉన్న ఎర్ర బటను లోపలికి నొక్కుకుపోయి ఉంది.

ఆ బటను నొక్కితే మోటారు ఆగుతుంది. మంచంతా కరిగాక గానీ దానంతట అది మళ్ళీ మొదలవదు. దాని సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. దాన్ని ముట్టుకోవద్దని అందరికీ గట్టిగా చెప్పి, ఎందుకో మాత్రం చెప్పనిది అతనే. పని నేర్పిన మేస్త్రి మొదటి రోజున అన్న మాట గుర్తొచ్చింది. వేలి మందాన మంచు కనిపిస్తే ముందు బటను నొక్కు, మాటలు తర్వాత. ఇరవై ఏళ్ళుగా ఎన్నో ఇళ్ళల్లో చేసిన పని అది. పొద్దున చెవి పూల దుకాణంవాడి దగ్గరా, కన్ను మంచు మీదా ఉన్నాయి. మనసుకి చెప్పకుండా బొటనవేలు తన పని తాను చేసేసింది.

మీట తిప్పాడు. బటను టక్కున పైకి లేచింది. ఫ్రిజ్ ఒక్కసారి వణికి మోటారు అందుకుంది. అతనికి మాత్రం ఒళ్ళంతా చల్లబడింది.

లేచి తల్లి గదికి వెళ్ళాడు. చెప్పెయ్యాలనే వెళ్ళాడు. ఆవిడ దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. “నా మతిమరుపుకి పిల్లని ఏడిపించకు తండ్రీ. ఆ ఒంటెని నిలబెట్టు” అని గొణుక్కుంటోంది. దణ్ణం పెట్టుకుంటున్న మనిషిని మధ్యలో పలకరించకూడదు కదా అనుకుని అతను వెనక్కి తిరిగాడు. ఎంత చక్కటి సాకు! దేవుడి పేరు మీద దొరికే సాకులకి ఎదురు చెప్పేవాళ్ళుండరు. అయినా ఐస్‌క్రీము గడ్డకట్టమని దేవుణ్ణి అడగొచ్చా? అడగకూడదని ఎక్కడా రాసిలేదు. చెయ్యని తప్పుకి క్షమాపణ అడుగుతుంటే ఆయన ఏమనుకుంటాడన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

వెళ్ళాల్సిన చోటివాళ్ళకి సోమవారం వస్తానని చెప్పేశాడు. అవతలివాళ్ళు గొణిగినా ఫోను పెట్టేశాడు. ఫ్రిజ్ మొదలైంది నిజమే, కానీ ఐదు గంటల్లో ఆ గిన్నెలు గడ్డకట్టవని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? మిగిలింది పాత పద్ధతి. ఐసు, ఉప్పు, బకెట్టు.

చేపల అంగడికి పరిగెత్తాడు. “శనివారం మధ్యాహ్నం వస్తే ఐసెక్కడుంటుంది గురూ?” అన్నాడు అంగడివాడు. బతిమాలగా బతిమాలగా అర దిమ్మ ఇచ్చాడు. గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చేసరికి భార్య ఆస్పత్రి నుంచి వచ్చి ఉంది. అత్తగారు ఆవిడకి సంగతి చెప్పనే చెప్పేసింది.

“నావల్లే అమ్మాయ్. వయసొచ్చింది గానీ బుద్ధి లేదు.”

“ఊరుకోండి అత్తయ్యా. ఎవరైనా మర్చిపోతారు” అని, భర్త వైపు తిరిగింది. “ఐసు చేపలదా? ఒంటె నీచు వాసన కొడితే?”

“మూత చుట్టూ టేపు వేస్తే ఏ వాసనా వెళ్ళదు.”

ఇక్కడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. “సుత్తి ఎక్కడుంది?” అన్న మాట వచ్చింది.

గోనెసంచి మీద సుత్తితో కొట్టి ఐసు నలగ్గొట్టాడు. బకెట్టులో ఒక వరస ఐసు, పైన గుప్పెడు కల్లుప్పు, మళ్ళీ ఐసు. అర దిమ్మ ఒక్క గిన్నె చుట్టూ సరిపోయింది. రెండోది పెడితే దేనికీ చాలదు.

“రెండూ సగం సగం అయ్యే బదులు ఒకటైనా నిలబడనివ్వండి” అంది భార్య. మూపురం ఒకటి బకెట్టులోకి, మూపురం రెండు ఐసు పెట్టెలోకి వెళ్ళాయి.

పనిముట్ల సంచిలోంచి చలి కొలిచే మీటరు తీసి తీగని బకెట్టులో పెట్టాడు. సున్నా. మైనస్ ఐదు. ఉప్పు కరిగినకొద్దీ అంకె కిందికి దిగుతోంది. అతను బకెట్టు పక్కనే పీట వేసుకుని, జబ్బుపడ్డ మనిషి జ్వరం చూసినట్టు పదేసి నిమిషాలకి మీటరు చూస్తూ, గిన్నెని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

రెండింటికి మిరపగింజ బడి నుంచి వచ్చింది. సంచీ ఒక మూల, చెప్పులు ఒక మూల విసిరి, నేరుగా వంటగదిలోకి వచ్చింది.

“నాన్నా, మూపురాలు గట్టిగా ఉన్నాయా?”

పిల్ల బకెట్టుని చూసింది, తడి నేలని చూసింది.

“నేను తలుపు సరిగ్గా వెయ్యలేదు తల్లీ” అంది నాయనమ్మ గుమ్మంలోంచి.

“నిన్నెవరు ముట్టుకోమన్నారు! ఇప్పుడు ఆ పొడుగుజడ నన్ను మళ్ళీ కోతల రాణి అంటుంది. నీతో కచ్చి! ఇంక నీ పక్కన పడుకోను, నీ కళ్ళజోడు వెతకను, నీతో అసలు మాట్లాడను!”

“అమ్మడూ...” అన్నాడతను. పిల్ల ఆగలేదు. పడకగది తలుపు ధడాలున పడింది. అతని చేతిలో గిన్నె తిరుగుతూనే ఉంది.

ఒక్క మాట చెప్పడానికి ఇంత బరువెందుకో! పదకొండున్నరకి చెప్పి ఉంటే అది ఒక పొరపాటు. ఒంటిగంటకి చెబితే కాస్త సిగ్గు. ఇప్పుడు రెండు దాటింది. ఐసు కరుగుతోంది గానీ ఇది మాత్రం నిమిషనిమిషానికీ గడ్డకడుతోంది. నాన్న అబద్ధం చెప్పడు. నిజమే, చెప్పలేదు. తన అబద్ధాన్ని అమ్మ చేత చెప్పిస్తున్నాడు.

నాలుగుంపావు దాటాక తల్లి వచ్చి పక్కన ఇంకో పీట వేసుకుంది.

“ఒరేయ్, ఒకటి అడుగుతాను, మీ ఆవిడకి చెప్పకు. పొద్దున్నించి ఆలోచిస్తున్నాను, ఆ తలుపు ఎప్పుడు తీశానా అని. ఎంతకీ గుర్తు రావట్లేదురా. నీళ్ళ సీసా నా మంచం పక్కనే నిండుగా ఉంది. మరి ఎందుకు తీసినట్టు? మీ పెద్దత్తయ్యకి కూడా మొదట్లో ఇలాగే కదూ అయింది? ఆఖరికి నన్ను పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంది. డాక్టరుకి చూపించుకోనా?”

అతని చేయి ఆగిపోయింది. తల్లి కళ్ళల్లో భయం చూడటం అతనికి కొత్త. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

“అమ్మా...”

గుమ్మంలో గంట మోగింది. ఒక్కసారి కాదు, ఎవరో వేలు తీయకుండా నొక్కుతున్నారు. అరగంట ముందే వచ్చేశారు పిల్లలు. అందరికంటే ముందు నడుం కిందికి దిగిన జడ ఒకటి లోపలికి వచ్చింది.

“ఏదీ ఒంటె?” అంది జడ తాలూకు పిల్ల, చెప్పులైనా విప్పకుండా.

బల్ల మీద బిస్కెట్ల ఇసుక పరిచి ఉంది. స్పాంజి కేకు ఒళ్ళు పడుకుని ఉంది. అరటిపండు మెడ మీద ఎండుద్రాక్ష కళ్ళు అమాయకంగా చూస్తున్నాయి. మిరపగింజ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి అమ్మ కొంగు పట్టుకుని నిలబడింది. మెకానిక్ మూపురం ఒకటిని బకెట్టులోంచి తీసి, ఉప్పునీళ్ళు శుభ్రంగా తుడిచి, టేపు విప్పాడు. వేలితో తట్టాడు. గట్టిగానే ఉంది. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు గిన్నెకి చుట్టి, మనసులో ఒకటి, రెండు, మూడు అని ఇరవై దాకా లెక్కపెట్టి, కేకు మీద బోర్లించాడు. ఏమీ కాలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ చుట్టాడు. మెత్తటి చప్పుడుతో మూపురం దిగింది. గుండ్రంగా, నున్నగా, సరిగ్గా ఒంటె రంగులో. పిల్లలు ఓహో అన్నారు.

భార్య ఐసు పెట్టెలోంచి మూపురం రెండు తెచ్చి మూత తీసింది. అంచు వెంబడి కాస్త పేరుకుంది. మిగతాదంతా చిక్కటి పాలు. ఆవిడ కళ్ళెత్తి అతన్ని చూసి, అడ్డంగా తలూపింది.

“ఒకటే ఉంది!” అంది పొడుగుజడ. “నేను ముందే చెప్పాను. ఒంటెకి ఒకటే.”

“రెండోది నాయనమ్మ పాడుచేసింది!” అని అరిచింది మిరపగింజ.

“నాయనమ్మ పాడుచేసింది, కుక్క తినేసింది అని ఎవరైనా చెప్తారు” అంది పొడుగుజడ. ఇద్దరు నవ్వారు.

నాయనమ్మ గోడకి ఇంకాస్త ఒదిగింది. మెకానిక్ చేతిలో తువ్వాలు చల్లారిపోయింది.

“నాయనమ్మ పాడుచెయ్యలేదు” అన్నాడు. “నేనే చేశాను.”

అతను పిల్లల్ని చూడలేదు. తల్లి వైపు తిరిగాడు.

“అమ్మా, నువ్వు పొద్దున్నించి ఆ తలుపు తియ్యనేలేదు. తియ్యందే ఎలా గుర్తొస్తుంది? నీకు మతిమరుపూ లేదు, ఏమీ లేదు. మంచు కరిగించే బటను నేనే నొక్కేసి వెళ్ళాను, పనిలో అలవాటుకొద్దీ. పదకొండున్నరకే నాకు తెలిసింది. నువ్వు నీ మీద వేసుకుంటుంటే ఊరుకున్నాను.”

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, ఏడుస్తోందో అతనికి తెలియలేదు. “అయితే నాకేం కాలేదన్నమాట” అంది చివరికి. ఆ ఒక్క మాటా రెండుసార్లు అంది. “నాకేం కాలేదు. నీళ్ళ సీసా నిండుగానే ఉందిరా, నేను చెప్పలా?”

“ఫ్రిజ్ మెకానిక్ ఫ్రిజ్ ఆపేశాడా?” అన్నాడు గుంపులోంచి ఒక బొద్దబ్బాయి. ఈసారి అందరూ నవ్వారు. భార్య నవ్వలేదు. రాత్రికి తనకి వేరే విచారణ ఉంటుందని అతనికి అర్థమైంది.

మిరపగింజ మాత్రం తండ్రినే చూస్తోంది.

“మరి నేను నాయనమ్మని తిడుతుంటే ఎందుకు చెప్పలేదు?”

“భయమేసింది అమ్మడూ” అన్నాడు.

“ఎవరంటే?”

“నువ్వంటేనే.”

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. తనంటే ఎవరైనా భయపడతారని ఆ ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ విని ఉండదు. నెమ్మదిగా వెళ్ళి, కచ్చి తీసేస్తున్నట్టు నాయనమ్మ చిటికెనవేలు పట్టుకుంది. తండ్రి దగ్గరికి మాత్రం రాలేదు.

పొడుగుజడ చీటీ ఉన్న గిన్నె దగ్గరికి వచ్చి, దాని మీద రాసింది కూడబలుక్కుని చదివింది. మూపురం రెండు. తేదీ. వేళ. తలెత్తి మెకానిక్‌ని చూసింది.

“అంకుల్, మీరు నిజంగా రెండు చేశారా?”

“చేశాను.”

“రెండు మూపురాల ఒంటెలు నిజంగా ఉంటాయా?”

“ఉంటాయి. చలి దేశాల్లో. నేను చూడలేదు. పుస్తకంలో చూశాను, మా పిల్లే చూపించింది.”

పొడుగుజడ ఆలోచనలో పడింది. తన తప్పుని ఏడుగురి ముందు చెప్పుకున్న పెద్దమనిషిని ఆ పిల్ల బహుశా అంతకు ముందు చూసి ఉండదు. అంత పని చేసినవాడు ఒంటె గురించి అబద్ధం చెబుతాడా అని తూచుకుంటున్నట్టుంది.

ఈలోగా నాయనమ్మ గ్లాసులు పట్టుకొచ్చింది. “ఇంత మంచి మూపురాన్ని పారబోస్తామా? పట్టండి, తాగండి” అంటూ, చేయి వణక్కుండా ఏడు గ్లాసుల్లోకి గరిటెతో పోసింది. మొదటి మూపురాన్ని కత్తితో కోసి పళ్ళేల్లో పెట్టారు. అంచుల్లో గట్టిపడిన చోట చిన్న చిన్న ఐసు పలుకులు తగిలాయి. బొద్దబ్బాయి అవి ఒంటె ఎముకలన్నాడు. మిరపగింజ తన పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి, తండ్రి చేతిలో పెట్టి, వెంటనే వెళ్ళిపోయింది. అది క్షమించడమో, పంచిపెట్టడమో అతనికి తెలియలేదు. ముక్క కరిగి వేళ్ళ మీదకి కారేదాకా అలాగే పట్టుకున్నాడు.

బల్ల అవతల పొడుగుజడ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మిరపగింజ భుజం తట్టింది.

“ఏయ్, మీ రెండో మూపురం ఇంకా ఉందా? నాకు ఇంకో గ్లాసు కావాలి.”